ఇంటర్‌సెప్టర్ 650: ఇద్దరం ఎక్కితే ఘాట్‌లో బండి మలుపు దాటి బయటికి లాగేస్తోంది, సస్పెన్షన్ ఎలా సెట్ చేయాలి?

శ్రీశైలం_రూటు
అందరికీ నమస్కారం. నాది ఇంటర్‌సెప్టర్ 650. ఒక్కడినే వెళ్తే ఏ కంప్లైంటూ లేదు. మా ఆవిడ వెనక కూర్చుని, రెండు పక్కలా సంచులు కట్టామంటే మాత్రం వేరే బండి తోలుతున్నట్టు ఉంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు దాటి డ్యామ్ దగ్గరికి దిగేదాకా ఒకటే టెన్షన్. ఎడమ మలుపులో ఎంత వంచినా బండి తిరగనంటుంది, పసుపు గీత దాటి అవతలి లేన్ వైపు లాగుతుంది. ఇంకొంచెం వంచితే సెంటర్ స్టాండ్ రోడ్డుకి గీసుకుని కర్రుమంటుంది. గతుకు వస్తే వెనక ఠప్పుమని అడుగు తగులుతుంది. స్పీడేమీ ఎక్కువ కాదు, 40-50 లోపే. సర్వీసులో అడిగితే "ఈ బండి ఇంతే సార్" అన్నారు. వెనక షాకబ్సర్లు మార్చాలా, ఉన్నవాటినే సెట్ చేసుకోవచ్చా?

గోదారి_గాలి
షాకబ్సర్లు తర్వాత సంగతి, ముందు టైర్లలో గాలి చూసుకోండి గురూ. చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే, మీ సొంత గేజ్‌తో. పంచర్ షాపులో మీటర్ చూపించిన అంకెని నమ్మొద్దు, ఒక్కో షాపుది ఒక్కో లెక్క. ఇద్దరికి ఎంత కొట్టాలో బండి మీద స్టిక్కర్‌లో ఉంటుంది, ఒక్కరికి చెప్పిన దానికంటే వెనక టైరుకి ఎక్కువ ఉంటుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేముందు మావాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. టైరు మెత్తగా ఉంటే పైన మీరు ఎన్ని స్పానర్లు తిప్పినా ఫలితం ఉండదు.

నాంపల్లి_పానా
అన్నా, గింత లొల్లి ఎందుకు? టూల్‌కిట్‌లో సి స్పానర్ ఉంటది. వెనక రెండు షాకబ్సర్ల కింద రింగ్ ఉంటది, దానికి ఐదు స్టెప్పులు. లాస్ట్ స్టెప్‌కి తిప్పెయ్. స్ప్రింగ్ గట్టిపడతది, అడుగు తగలదు, ఖతం. రోజూ షాపులో చేసే పనే ఇది.

లెక్కల_మాస్టారు
పానా భాయ్ చెప్పిన రింగు సంగతి నిజమే. "స్ప్రింగ్ గట్టిపడతది" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఆ రింగుతో మార్చేది ప్రీలోడ్, దాన్ని తిప్పితే స్ప్రింగ్ గట్టిదనం మారదు. స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి పెడతాం, అంతే. ఉదాహరణకి ఒక స్ప్రింగ్ మిల్లీమీటరు కుంగడానికి 20 న్యూటన్లు కావాలి అనుకోండి. దాన్ని 10 మి.మీ. ముందే నొక్కి పెడితే మొదటి కదలికకే 200 న్యూటన్లు, అంటే సుమారు 20 కిలోల బరువు పడాలి. ఒకసారి కదిలాక తర్వాతి ప్రతి మిల్లీమీటరుకీ మళ్లీ అదే 20. మారేది బండి వెనక భాగం ఎంత ఎత్తులో నిలబడుతుందన్నదే.

రూటు గారూ, మీరు స్పానర్ పట్టే ముందు టేపు పట్టండి. సాగ్ కొలవాలి, అంటే బరువు పడ్డాక సస్పెన్షన్ ఎంత కుంగుతోందో. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా, యాక్సిల్ నట్టు మధ్య నుంచి నిటారుగా పైకి, మడ్‌గార్డ్ దగ్గర ఒక మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని దాకా కొలవండి. తర్వాత స్టాండ్ తీసి బండి ఖాళీగా నిలబెట్టి ఒకసారి, మీరు హెల్మెట్, జాకెట్‌తో సహా ఎక్కి ఒకసారి, మీ ఆవిడ, సంచులతో కలిపి ఒకసారి. కాళ్లు ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి, కాబట్టి బండి పట్టుకోవడానికి ఒక మనిషి, కొలవడానికి ఇంకో మనిషి కావాలి. కొలిచే ప్రతిసారీ సీటు మీద ఒకసారి కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవండి, ఒకసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలవండి. రెండూ కలవవు, సీళ్ల రాపిడి వల్ల. వాటి సగటు రాసుకోండి.

ఇంటర్‌సెప్టర్ వెనక ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ మొత్తం కదలగలిగే దూరం, 88 మి.మీ. రోడ్డు మీద తిరిగే బండికి మనిషి ఎక్కాక అందులో సుమారు 30 శాతం, అంటే 26 మి.మీ. అటూ ఇటూ కుంగితే బాగుంటుంది.

నాంపల్లి_పానా
మాస్టారూ, మీ న్యూటన్లు మాకు తెల్వదు గానీ, లాస్ట్ స్టెప్‌కి తిప్పినాక కస్టమర్ కూర్చోంగనే "భాయ్, గట్టిగా అయింది" అంటడు. ఒక్కరు కాదు, అందరూ అంటరు. అందరికీ భ్రమేనా?

పాల_క్యాన్లు
నేను స్ప్లెండర్ మీద రోజూ పాలు వేస్తా, బరువుల సంగతి నాకు బాగానే తెలుసు. ఒక్క మాట చెప్పి పోతా. రెండు వైపులా ఒకటే స్టెప్పులో ఉందో లేదో చూడండి. మా ఊళ్లో సగం బండ్లకి ఎడమది మూడులో ఉంటుంది, కుడిది ఐదులో ఉంటుంది. సైలెన్సర్ అడ్డం వచ్చి అటుపక్క తిప్పడానికి బద్ధకించి వదిలేస్తారు. తిప్పే ముందు రింగు దగ్గర మట్టి కిరసనాయిల్ బ్రష్‌తో కడగండి, లేకపోతే స్పానర్ జారి వేళ్ల చర్మం లేచిపోతుంది.

శ్రీశైలం_రూటు
గాలి సరిచేశా, వెనక బాగా తక్కువే ఉంది. కొంచెం నయం, కానీ సమస్య అలాగే ఉంది. మాస్టారు చెప్పినట్టు మా తమ్ముణ్ని పిలిచి కొలిచా. ప్రీలోడ్ రెండు వైపులా ఒకటో స్టెప్పులోనే ఉంది, షోరూమ్ నుంచి వచ్చినప్పటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదనుకుంటా.

చక్రం గాల్లో: 340 మి.మీ.
బండి ఖాళీగా: 331
నేనొక్కడినే: 314
ఇద్దరం, సంచులు: 293

నేను గేర్‌తో కలిపి 78 కిలోలు. మిగతా బరువు రాస్తే ఇంట్లో అన్నం పుట్టదు.

లెక్కల_మాస్టారు
అంకెలు చాలా శుభ్రంగా ఉన్నాయి. మీరొక్కరే ఎక్కితే 26 మి.మీ. కుంగుతోంది, సరిగ్గా 30 శాతం. అందుకే ఒక్కరే వెళ్లినప్పుడు మీకు ఏ కంప్లైంటూ లేదు. ఇద్దరూ ఎక్కితే 47, అంటే 88లో సగానికి పైగా గతుకు రాకముందే ఖర్చయిపోయింది. మిగిలిన 41తో ఘాట్‌లో గుంతలు ఎలా దాటుతుంది, అడుగు తగలక ఏం చేస్తుంది?

ఇక మలుపు సంగతి. ఈ బండి వీల్‌బేస్, అంటే రెండు చక్రాల యాక్సిల్స్ మధ్య దూరం, దాదాపు 1400 మి.మీ. వెనక 21 మి.మీ. అదనంగా దిగి, ముందు దాదాపు అలాగే ఉంటే బండి మొత్తం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ముందు ఫోర్క్ కూడా అంతే వెనక్కి పడుకుంటుంది, ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు గీత నేలని తాకే చోటుకీ, ముందు టైరు నేలని తాకే చోటుకీ మధ్య దూరం) పెరుగుతుంది, ముందు చక్రం మీద బరువు వాటా తగ్గుతుంది. ఈ మూడూ కలిసి బండిని నిటారుగా, తిన్నగా పోయేలా చేస్తాయి. హైవేలో అది హాయిగానే ఉంటుంది, ఘాట్‌లో తిరగనని మొండికేస్తుంది. స్టాండ్ గీసుకోవడం కూడా ఇదే జబ్బు, వెనక దిగేసరికి అది కూడా నేలకి దగ్గరైంది కదా.

ఒకటి అడుగుతా: రాత్రి ఇద్దరూ వెళ్తుంటే, మీరు లో బీమ్‌లో ఉన్నా ఎదురుగా వచ్చే లారీలవాళ్లు మీకు లైట్ కొడుతున్నారా?

శ్రీశైలం_రూటు
అవును సార్! ఊరికే డిప్పర్ కొడతారు. హెడ్‌లైట్ సెట్టింగ్ పోయిందనుకుని రెండుసార్లు దించుకున్నా. ఒక్కడినే వెళ్లినప్పుడేమో రోడ్డు దగ్గరే పడుతోంది.

లెక్కల_మాస్టారు
అదే ఆ డిగ్రీ. హెడ్‌లైట్ స్క్రూ మళ్లీ మామూలుగా పెట్టేయండి. ప్రీలోడ్ నాలుగో స్టెప్పుకి తిప్పి, అవే నాలుగు కొలతలు మళ్లీ తీయండి.

డ్యూక్_చిన్నోడు
మధ్యలో దూరినందుకు సారీ. నాది కొత్త 390 డ్యూక్, ముందు కంప్రెషన్‌కి 5 క్లిక్‌లు, రీబౌండ్‌కి 5 క్లిక్‌లు ఇచ్చాడు. బండి గట్టిగా ఉంటేనే రేసులా తిరుగుతుందని ఒక వీడియోలో చూసి ముందూ వెనకా అన్నీ పూర్తిగా బిగించేశా. ఇప్పుడు టోల్ గేట్ల ముందు ఆ పసుపు రంబుల్ స్ట్రిప్స్ వస్తే చచ్చిపోతున్నా. మొదటి రెండు గీతలు పర్లేదు, నాలుగోది, ఐదోది మాత్రం ఇనప రాడ్డుతో కొట్టినట్టు తగులుతాయి. గీతలన్నీ ఒకే ఎత్తు కదా, చివరివి ఎందుకు ఎక్కువ తగులుతున్నాయి?

గోదారి_గాలి
వేరే టాపిక్ పెట్టొచ్చుగా తమ్ముడూ. సరే వచ్చావు కాబట్టి విను. కంప్రెషన్ అంటే కుంగే వేగాన్ని పట్టి ఉంచేది, రీబౌండ్ అంటే కుంగిన స్ప్రింగ్ మళ్లీ తెరుచుకునే వేగాన్ని పట్టి ఉంచేది. నువ్వు రీబౌండ్‌ని పూర్తిగా మూసేశావు. మొదటి గీతకి చక్రం పైకి లేచింది, తిరిగి కిందికి దిగేలోపే రెండో గీత వచ్చింది. అక్కడి నుంచి ఇంకొంచెం కుంగింది, మళ్లీ తెరుచుకునే టైమ్ లేదు. అలా మెట్టు మెట్టుకీ లోపలికి పోయి ఐదో గీత దగ్గరికి వచ్చేసరికి మిగిలిన ట్రావెల్ ఏమీ లేదు. అందుకే ఇనప రాడ్డు.

మరీ వదులు చేసినా తప్పే. స్పీడ్ బ్రేకర్ దాటాక సీటు నిన్ను పైకి విసిరి, ఇంకో రెండుసార్లు ఊగుతుంది. పొడవాటి మలుపులో బండి పడవలా తేలుతుంది.

చేయాల్సింది: అడ్జస్టర్‌ని మెల్లగా చివరిదాకా బిగించు, ఆగిన దగ్గర బలవంతం చేయకు, నీడిల్ పాడవుతుంది. అక్కడి నుంచి వెనక్కి క్లిక్‌లు లెక్కపెట్టు. అన్నిటినీ మాన్యువల్‌లో ఉన్న స్టాండర్డ్ దగ్గరికి తీసుకొచ్చి ఒక వారం తోలు. తర్వాత ఏది మార్చినా ఒక్కటే మార్చు, ఒక్క క్లిక్కే మార్చు, అదే రోడ్డు మీద, అదే టైరు గాలితో మళ్లీ తోలి చూడు. ముందూ వెనకా ఒకేసారి మార్చావంటే ఏది పనిచేసిందో ఆ దేవుడికి కూడా తెలియదు. మార్చింది ఫోన్‌లో రాసుకో.

డ్యూక్_చిన్నోడు
థాంక్యూ అన్నా. కంప్రెషన్ కూడా స్టాండర్డేనా?

గోదారి_గాలి
అవును, అది కూడా. ఫోర్క్ కింది మెరిసే ట్యూబుకి ఒక జిప్ టై కట్టి, సీల్ దాకా పైకి తోసి ఉంచు. తోలి వచ్చాక అది ఎంత కిందికి జరిగిందో చూస్తే ఎంత ట్రావెల్ వాడావో తెలుస్తుంది. గట్టి బ్రేకు, పెద్ద గుంత రెండూ తగిలాక కూడా చాలా మిగిలిపోతోందంటే కంప్రెషన్ ఎక్కువైనట్టు. రోజూ చివరిదాకా పోతోందంటే తక్కువైనట్టు. టై వదులుగా కాదు, గట్టిగా కాదు, వేలితో జరిగేంత ఉండాలి. మొన తప్పకుండా కత్తిరించు, సీల్ చీరుకుపోతుంది.

శ్రీశైలం_రూటు
నాలుగో స్టెప్పు కొలతలు ఇవిగో:

చక్రం గాల్లో: 340
బండి ఖాళీగా: 340 (కుంగడమే లేదు!)
నేనొక్కడినే: 325
ఇద్దరం, సంచులు: 305

ఇద్దరం ఎక్కితే 35 మి.మీ. వచ్చింది. 47 నుంచి 35కి, చాలా తేడా కదా?

లెక్కల_మాస్టారు
తేడానే. ఇద్దరితో 40 శాతం అంటే ఈ స్ప్రింగుతో తోలుకోవచ్చు. పానా భాయ్, మీరు కూడా ఒకసారి ఈ అంకెలు చూడండి. ఒకటో స్టెప్పులో రూటు గారు ఒక్కరూ ఉన్నప్పుడు 314, ఇద్దరూ ఎక్కాక 293: తేడా 21. నాలుగో స్టెప్పులో 325, 305: తేడా 20. అదే మనిషి, అవే సంచులు, అదే అదనపు బరువు. స్ప్రింగ్ నిజంగా గట్టిపడి ఉంటే రెండోసారి 14కో 15కో తగ్గాలి. ఆ ఒక్క మిల్లీమీటరు టేపు చదవడంలో వచ్చిన తేడా. ఒకటో స్టెప్పైనా నాలుగో స్టెప్పైనా స్ప్రింగ్ అదే స్ప్రింగ్, 12 మి.మీ. పైనుంచి మొదలుపెట్టింది.

నాంపల్లి_పానా
ఈ లెక్క సాఫ్‌గా ఉంది మాస్టారూ, మాన్తా. మరి నా కస్టమర్ నడుం సంగతి చెప్పండి. వాడు ఝూట్ చెప్తలేడు కదా.

లెక్కల_మాస్టారు
చెప్పట్లేదు. ఖాళీ బండి 340 దగ్గరే ఉంది చూశారా, అంటే షాక్ పూర్తిగా తెరుచుకుని పై హద్దుకి ఆనుకుని ఉంది. దాని మీద ఒక్క మనిషి కూర్చుంటే 15 మి.మీ. మాత్రమే దిగాడు. ఇప్పుడు చక్రం 25 మి.మీ. లోతు గుంతలో పడాలంటే కిందికి సాగడానికి 15 మాత్రమే ఉంది. అక్కడ షాక్ ఠక్కున ఆగిపోతుంది, మిగతాది బండే పడుతుంది. గుంత అవతలి అంచు ఎక్కేటప్పుడు కూడా ముందే నొక్కి ఉంచిన బలాన్ని దాటితే తప్ప చక్రం కదలదు. ఈ రెండు దెబ్బలూ కలిసి నడుముకి గట్టిగా అనిపిస్తాయి. బాధ నిజమే, కారణమే వేరు.

కాబట్టి రూటు గారూ, ఆవిణ్ని ఇంటి దగ్గర దింపాక మర్చిపోకుండా మళ్లీ ఒకటికి తెచ్చుకోండి. ఖాళీ బండి కుంగకుండా నిలబడడం ఇంకో విషయం కూడా చెప్తోంది: ఇద్దరి బరువుకి ఈ స్ప్రింగ్ మెత్తనిది. ప్రీలోడ్‌తో ఎత్తు తెచ్చుకోగలం, బలం తెచ్చుకోలేం. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు, ఖాళీ బండి కుంగట్లేదు కాబట్టి స్ప్రింగ్ గట్టిదని. మనిషి సాగ్ సరిగ్గా పెట్టాక ఖాళీ సాగ్ సున్నా వస్తే స్ప్రింగ్ మెత్తన, ఖాళీ సాగ్ మరీ ఎక్కువ వస్తే స్ప్రింగ్ గట్టి.

శ్రీశైలం_రూటు
అంటే గట్టి స్ప్రింగులు కొనాలా? షాక్ పక్కన ఉన్న ఆ గ్యాస్ డబ్బా మీద ఏమైనా తిప్పడానికి ఉందా?

నాంపల్లి_పానా
డబ్బా మీద తిప్పేది ఏమీ లేదన్నా. ఈ బండికి వెనక ప్రీలోడ్ ఒక్కటే, ముందు ఫోర్క్‌కి అదీ లేదు. స్ప్రింగ్ సంగతి నన్నడిగితే, నెలలో ఎక్కువ రోజులు ఒక్కడివే తిరుగుతవా, ఇద్దరా? ఒక్కడివే అయితే డబ్బులు దండగ, గట్టి స్ప్రింగ్ వేస్తే ఆ రోజులన్నీ ఖరాబ్ అయితయి. స్పానర్ సీటు కింద పెట్టుకో, పోయే ముందు తిప్పు, వచ్చినాక తిప్పు. ఎప్పుడూ డబుల్స్, ఎప్పుడూ లగేజీ అయితేనే వేరే సెట్ గురించి సోచాయించు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పొడుగు షాకబ్సర్లు మాత్రం వద్దు. వెనక ఎత్తు లేస్తది, సైడ్ స్టాండ్ మీద బండి మరీ పడుకుంటది, చైన్ స్వింగార్మ్‌కి రాసుకుంటది.

చైన్ అంటే యాదికొచ్చింది. ఇద్దరితో పోయేటప్పుడు చైన్ వదులు ఎంతుందో బరువు పడ్డాక కూడా ఒకసారి చూడు. స్టాండ్ మీద సరిగ్గా ఉన్న చైన్ బరువు పడితే బిగుసుకుంటది.

గోదారి_గాలి
సంచులు ఎక్కడ కట్టారో ఫోటో పెట్టండి రూటు గారూ. చాలామంది బరువంతా క్యారియర్ చివరన కడతారు. వెనక యాక్సిల్ దాటి వెనక్కి పెట్టిన ప్రతి కిలో ముందు చక్రాన్ని పైకి లేపుతుంది. నీళ్ల సీసాలు, టూల్స్, ప్రసాదం డబ్బాలు ట్యాంక్ బ్యాగ్‌లోకి మార్చండి. బట్టలు వెనక ఉంటే ఏమీ కాదు.

శ్రీశైలం_రూటు
ఫోటో అక్కర్లేదు, మేమూ ఆ తప్పే చేశాం, బరువైనవి వెనక చివరనే కట్టాం. మార్చేశా.

ఆదివారం మళ్లీ వెళ్లొచ్చాం. ఉదయం 6కి గేటు తీయగానే బయల్దేరి, ఈగలపెంట దాటి డ్యామ్ దిగేదాకా ఒక్కసారి కూడా స్టాండ్ గీసుకోలేదు. ఎడమ మలుపుల్లో బండి గీతకి ఇటే ఉంటోంది. మా ఆవిడైతే "ఇవాళ నెమ్మదిగా తోలావు" అంది, స్పీడ్ అంతే. అడుగు తగలడం ఒకచోట జరిగింది, ఆ గుంత కూడా పెద్దదే.

ఒకటి మిగిలింది. దిగేటప్పుడు ముందు బ్రేక్ పడితే ఫోర్క్ బాగా దిగిపోతోంది, పైగా హ్యాండిల్ దగ్గర టక్ అని చిన్న శబ్దం. ఫోర్క్ ఆయిల్ చిక్కటిది పోయిస్తే పోతుందా?

నాంపల్లి_పానా
టక్ అంటే ముందు కోన్ సెట్, అదే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్‌లు, చూడాలె. సెంటర్ స్టాండ్ వెయ్, ఒకరిని వెనక కూర్చోబెట్టి ముందు చక్రం లేపు. ఫోర్క్ కింది భాగం రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. చేతికి టక్ తగిలితే కోన్ సెట్ వదులు. తర్వాత హ్యాండిల్ మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పు, నడుమ గాడిలో పడ్డట్టు ఆగితే బేరింగ్ పోయినట్టే, బిగిస్తే సరిపోదు, మార్చాలె. కోన్ సెట్ వదులుంటే మలుపులో బండి పట్టు ఉండదు. ఫోర్క్ సీళ్ల దగ్గర ఆయిల్ తడి ఉందేమో కూడా చూడు.

లెక్కల_మాస్టారు
ఫోర్క్ ఆయిల్ గురించి కొంచెం ఓపిక పట్టండి. ఈ ఫోర్క్‌లో ఆయిల్ చిన్న రంధ్రాల గుండా పోతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే బ్రేక్ వేసినప్పుడు కొంచెం నెమ్మదిగా దిగుతుంది, నిజమే. కానీ పదునైన గుంత తగిలినప్పుడు అదే ఆయిల్ ఆ రంధ్రాల్లోంచి పోలేక మోచేతులకి దెబ్బ తెస్తుంది. చివరికి ఎంత లోతుకి దిగాలన్నది స్ప్రింగూ, లోపల ఆయిల్ పైన ఉన్న గాలీ నిర్ణయిస్తాయి. ఆయిల్ మట్టం ఒక 5 మి.మీ. పెంచినా గాలి జాగా తగ్గి, ఆఖర్లో ఫోర్క్ గట్టిపడుతుంది, మొదట్లో మెత్తదనం అలాగే ఉంటుంది. రెండు కాళ్లలోనూ మట్టం సమానంగా ఉండాలి, మాన్యువల్ హద్దు దాటి నింపితే సీళ్లు తంతాయి.

డబ్బా మీద 10 అనీ 15 అనీ ఉండే అంకెల్ని కంపెనీకీ కంపెనీకీ పోల్చకండి. ఒకరి 10 ఇంకొకరి 7 లాగా ఉండొచ్చు. 40 డిగ్రీల దగ్గర చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్స్ అని డేటా షీట్‌లో ఉంటుంది, అది చూసి కొనండి. బండి ఎన్ని వేలు తిరిగింది?

శ్రీశైలం_రూటు
28 వేలు. ఫోర్క్ ఆయిల్ ఇంతవరకూ మార్చలేదు. పానా అన్న చెప్పినట్టు ఊపి చూశా, చేతికి టక్ తగిలింది. నడుమ గాడి మాత్రం లేదు.

నాంపల్లి_పానా
అయితే కోన్ సెట్ బిగిస్తే సరిపోతది. 28 వేలకి పాత ఆయిల్ నల్ల నీళ్లయి ఉంటది, అదే గ్రేడ్ కొత్తది పోయించినా ఫోర్క్ సగం బాగుపడతది. ముందు కోన్ సెట్ ఒక్కటే చేయించి రెండు రోజులు తోలు, ఆయిల్ తర్వాత. బిగించినాక హ్యాండిల్ తనంతట తాను రెండు పక్కలకీ వాలాలె, ఆగిందంటే ఎక్కువ బిగించినట్టు. షాపులో నువ్వే పట్టుకుని చూసి తీసుకో.

డ్యూక్_చిన్నోడు
అన్నలూ, స్టాండర్డ్‌కి తెచ్చేశా, రంబుల్ స్ట్రిప్స్ ఇప్పుడు దాదాపు తెలియట్లేదు. ముందు రీబౌండ్ ఇంకో క్లిక్ వదులు చేయనా?

గోదారి_గాలి
వారం తోలమన్నానా లేదా?